బురదలో ఎక్కుతోంది, ఘాట్‌లో మాట వినడం లేదు: ఒక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కేసు

ఈ బండి నా దగ్గరికి వచ్చి రెండు వానాకాలాలు గడిచాయి. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి మోడల్, నాకంటే ముందు పని చేసిన వర్క్‌షాప్ వివరాలు రాయడం లేదు. నేను పదిహేడేళ్లుగా గేర్‌బాక్సులు, వెనక యాక్సిళ్ల పనే చేస్తున్నాను. ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ మొత్తాన్నీ మా మెకానిక్‌లు 'క్రౌన్' అంటారు. ఇక్కడ అసలు గొడవ క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రంతో కాదు, దాని లోపల ఉండే యూనిట్‌తో. అందుకే డిఫరెన్షియల్ అనే రాస్తాను.

ఈ మధ్య లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం ఒక్కటే గిర్రున తిరిగిపోకుండా రెంటినీ కొంత కట్టి ఉంచే ఎల్‌ఎస్‌డీ, వేయించుకుంటామని వచ్చేవాళ్లు పెరిగారు. దాదాపు అందరూ అడిగేది "ఎంత గట్టిగా పట్టుకుంటుంది?" అనే. ఈ కేసు తర్వాత ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నేను ముందు "బండిలో ట్రాక్షన్ కంట్రోల్ ఉందా? రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతారు?" అని అడుగుతున్నాను.

నేపథ్యం

యజమాని రిటైర్డ్ టీచర్. అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఏజెన్సీలో ఆయనకు కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం. వారానికి రెండుసార్లు మైదానం నుంచి ఘాట్ ఎక్కి తోటకు వెళ్లి వస్తారు. ఘాట్ తారు రోడ్డే. చివరి రెండు కిలోమీటర్లు మాత్రం ఎర్రమట్టి దారి. జీపులు, ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతైన గాడులు పడ్డాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా అక్కడ సబ్బు మీద నడిచినట్టే ఉంటుంది.

బండి ఏడు సీట్ల ఎస్‌యూవీ, బరువు రెండు టన్నులకు దగ్గర. వెనక చక్రాలకే డ్రైవ్. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (తొక్కినప్పుడు చక్రాలు జారకుండా చూసేది), ఈఎస్‌సీ (బండి గీత తప్పితే చక్రాలకు విడివిడిగా బ్రేక్ వేసి సర్దేది) మూడూ ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చినది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్.

ఓపెన్ డిఫరెన్షియల్ గురించి ఒక మాట చెప్పాలి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, అర్ధవృత్తం తిరిగే హెయిర్‌పిన్‌లో ఆ తేడా 4.7 మీటర్లు. మలుపు ఎంత వెడల్పుగా ఉన్నా ఆ లెక్క మారదు. ఈ తేడాను సర్దడానికే డిఫరెన్షియల్ పుట్టింది. ఫ్రాన్స్‌లో పెకెర్ అనే ఆయన 1827లోనే ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. వేగాల్లో తేడాను ఇది హాయిగా ఒప్పుకుంటుంది. టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, మాత్రం రెండు వైపులకూ సమానంగానే పంచుతుంది. కాబట్టి ఒక చక్రం గాడిలో తేలిపోయి 200 న్యూటన్ మీటర్లకు (టార్క్ కొలమానం) మించి పట్టు ఇవ్వలేకపోతే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ ఆ 200 మాత్రమే అందుతుంది. మాస్టారి బండి తోట దారిలో రెండో మలుపు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ట్రాక్షన్ కంట్రోల్ ఏం చేస్తున్నట్టు? జారుతున్న చక్రానికి బ్రేక్ వేసి కృత్రిమంగా పట్టు కల్పిస్తుంది, ఇంజిన్ పవర్‌ను కూడా తగ్గిస్తుంది. అంత నిటారు ఎక్కుడులో పవర్ తగ్గితే బండి ఆగుతుంది. పైగా ఆ బ్రేక్ ఎక్కువసేపు వేస్తే వేడెక్కుతుంది, అప్పుడు దాన్ని కాపాడుకోవడానికి సిస్టమ్ వెనక్కి తగ్గుతుంది. ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాక కొంత మెరుగైంది కానీ పూర్తిగా కాదు. ఆ తర్వాత ఎవరో చెప్పగా మరో వర్క్‌షాప్‌లో దిగుమతి చేసిన సెకండ్ హ్యాండ్ క్లచ్ ప్లేట్ రకం ఎల్‌ఎస్‌డీ పెట్టించారు. అందులో ఒకదానికొకటి నొక్కుకున్న ప్లేట్ల రాపిడే రెండు చక్రాలనూ కట్టి ఉంచుతుంది.

సమస్య

నా దగ్గరికి వచ్చినప్పుడు మాస్టారు చెప్పిన మాట ఇది. "బాబూ, బురదలో ఏనుగులా ఎక్కుతోంది. ఘాట్‌లో మాత్రం నా మాట వినడం లేదు."

వారం ముందు వానలో ఘాట్ దిగుతూ ఒక హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ముందు భాగం తిన్నగానే పోయిందట. భయపడి యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ కొద్దిగా తొక్కేసరికి వెనక భాగం పక్కకు జారింది. బండి కొండ వైపు కాలువలో ఆగింది. లోపల నలుగురు ఉన్నారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే లోయ వైపు జారి ఉంటే ఈ కేసు రాసే అవసరం మరోలా వచ్చి ఉండేది. పని పూర్తయ్యేదాకా ఈ బండితో ఘాట్ ఎక్కొద్దని ముందు ఆ మాటే చెప్పాను.

ఇంకో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. పార్కింగ్‌లో పూర్తిగా స్టీరింగ్ తిప్పితే వెనక నుంచి కటకటమని శబ్దం. డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంది.

మొదట కనిపించినవి

ఏబీఎస్ లైటుతోనే మొదలుపెట్టాను. పెద్ద సమస్య డిఫరెన్షియల్‌లో ఉందని అప్పటికే అనుమానం ఉన్నా, లైటు వెలుగుతుంటే మిగతా పరీక్షలేవీ నమ్మదగ్గవి కావు. స్కానర్ పెడితే వెనక కుడి చక్రం స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ లేదు. బండి ఎత్తి చూస్తే కనెక్టర్ విప్పి, టేపు చుట్టి, పక్కకు కట్టేసి ఉంది. బురదలో ట్రాక్షన్ కంట్రోల్ పవర్ తగ్గిస్తోందని ఎవరో చేసిన పని. దాంతో ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే పోలేదు, ఏబీఎస్, ఈఎస్‌సీ కూడా పోయాయి. వానలో, ఘాట్‌లో, కొత్త ఎల్‌ఎస్‌డీతో, ఆ మూడూ లేకుండా మాస్టారు నెలన్నర తిరిగారు. అది విన్నప్పుడు ఆయన కంటే నాకే ఎక్కువ టెన్షన్ వచ్చింది.

తర్వాత టైర్లు. వెనక ఎడమ టైరు కోసుకుపోయి కొత్తది వేశారు. దాని ట్రెడ్ (టైరు గాడుల లోతు) 8 మిల్లీమీటర్లు, కుడిది 4. చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ ఒక్కో చుట్టుకు 25 మిల్లీమీటర్ల తేడా, కిలోమీటరుకు దాదాపు 11 మీటర్లు. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఇది ఎవరికీ తెలియదు. ఎల్‌ఎస్‌డీ ప్లేట్లు మాత్రం తిన్నని రోడ్డు మీద కూడా ఒకదాని మీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి.

మూడోది అసలు కొలత. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనక చక్రాన్ని నేల మీదే ఉంచి అడ్డు పెట్టి, రెండోదాన్ని జాకీతో లేపాను. హబ్ మధ్యలో టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచే పానా) పట్టించి, చక్రం కదలడం మొదలయ్యే దగ్గర చూశాను. 160 న్యూటన్ మీటర్లు. అంటే యాక్సిలరేటర్ తొక్కినా తొక్కకపోయినా, రెండు చక్రాల వేగంలో తేడా రావాలంటే ముందు అంత బిగువును గెలవాలి. తడి తారు మీద, బరువు వదిలేసిన లోపలి చక్రానికి అది చాలా పెద్ద అడ్డంకి.

యూనిట్ విప్పితే మిగతాది తెలిసింది. ప్లేట్లను నొక్కే ప్రెజర్ రింగుల్లో, వాటిని విడదీసి బిగించే క్రాస్ పిన్ను టూ-వే గాడుల్లో కూర్చుని ఉంది. టూ-వే అంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఎంత బిగుస్తుందో, ఇంజిన్ బ్రేకింగ్‌లోనూ అంతే బిగుస్తుంది. రేస్ ట్రాక్ మీద, బ్రేక్ వేస్తున్నప్పుడు బండి నిలకడగా ఉండటం కోసం కొందరు కోరి ఇలా పెట్టుకుంటారు. సెకండ్ గేర్‌లో ఇంజిన్ బ్రేకింగ్ మీద ఘాట్ దిగే ఏడు సీట్ల బండికి ఇది కావాల్సిన దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఇప్పుడు కాలువలో పడిన సంగతి వరుసగా అర్థమైంది. హెయిర్‌పిన్‌లోకి దిగుతున్నప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ వల్ల డిఫరెన్షియల్ బిగుసుకుంది. రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబట్టి బండిని తిన్నగా తోశాయి. అది అండర్‌స్టీర్. తర్వాత యాక్సిలరేటర్ తొక్కగానే రెండు చక్రాలూ ఒకేసారి జారాయి. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్ని ముందుకు నెట్టడానికి వాడేస్తే పక్కకు ఆపడానికి ఏమీ మిగలదు. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే అక్కడ లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగేది. బయటి చక్రం మీద టార్క్ తక్కువగా ఉండి, అది వెనక భాగాన్ని లైనులో పట్టుకునేది. ఓపెన్ డిఫరెన్షియల్‌లో లోపలి చక్రం జారడాన్ని మనం లోపం అంటాం. తడి మలుపులో అదే ఫ్యూజ్ లాంటిది, ముందు అది పోయి మిగతాదాన్ని కాపాడుతుంది. గట్టి ఎల్‌ఎస్‌డీ పెట్టడమంటే ఆ ఫ్యూజ్ తీసేయడమే.

చేసి విఫలమైనవి

సెన్సర్ కలిపి, వెనక రెండు టైర్లూ జత మార్చాక మొదట ఆయిల్ దగ్గర ఆగాను. లోపల మామూలు 90 నంబర్ గేర్ ఆయిల్ ఉంది. క్లచ్ ప్లేట్ ఎల్‌ఎస్‌డీకి ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సాఫీ చేసే పదార్థం) కలిసిన ఆయిల్ కావాలి. లేకపోతే ప్లేట్లు సాఫీగా జారకుండా పట్టి వదులుతూ ఉంటాయి, కటకట శబ్దం అదే. ఆయిల్ మార్చి, ఖాళీ స్థలంలో ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా ఇరవై చుట్లు తిప్పాను. శబ్దం పోయింది. మాస్టారు సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఆ రోజు అక్కడే ఆపేసి ఉంటే తప్పు చేసేవాడిని. ఒక చదును మైదానాన్ని ట్యాంకర్ నీళ్లతో తడిపించి, 16 మీటర్ల వ్యాసంతో సుద్ద గీసి, కోన్లు పెట్టాను. ఘాట్ మీద ఇలాంటి పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. సెకండ్ గేర్‌లో వచ్చి యాక్సిలరేటర్ వదిలి తిప్పితే బండి గీత దాటి దాదాపు మీటరున్నర బయటికి పోయింది. ఈసారి ఈఎస్‌సీ పనిచేస్తోంది, లైటు మెరిసింది, లోపల బ్రేక్ చప్పుడు వినిపించింది. అయినా బండి పెద్దగా తిరగలేదు.

ఎందుకని ఆలోచించాను. అండర్‌స్టీర్ వచ్చినప్పుడు ఈఎస్‌సీ సాధారణంగా లోపలి వెనక చక్రానికి బ్రేక్ వేసి బండిని లోపలికి తిప్పుతుంది. ఇక్కడ రెండు వెనక చక్రాలనూ డిఫరెన్షియల్ కట్టేసి ఉంచింది. లోపలి చక్రానికి వేసిన బ్రేక్‌లో కొంత బయటి చక్రానికీ వెళ్లిపోతోంది. తిప్పాల్సిన బలం నెమ్మది చేసే బలంగా మారిపోయింది. ట్రాక్షన్ కంట్రోల్‌కూ ఇదే ఇబ్బంది. ఎడమ కుడి చక్రాల వేగాల్లో తేడా వస్తే అది వెంటనే పట్టుకుంటుంది. ఆ తేడానే ఎల్‌ఎస్‌డీ రానివ్వకపోతే, ముందు చక్రాలతో పోల్చుకుని, రెండూ జారుతున్నాయని ఆలస్యంగా తెలుసుకుంటుంది. కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ డిఫరెన్షియల్‌ను మనసులో పెట్టుకుని రాసింది. దానికి తెలియని యంత్రాన్ని మనం మధ్యలో పెట్టాం.

రెండో ప్రయత్నంలో నేనే అతి చేశాను. పిన్నును 1.5-వే గాడుల్లోకి మార్చాను, అందులో ఇంజిన్ బ్రేకింగ్ వైపు బిగువు బాగా తక్కువ. అది సరైన పనే. కానీ ఆ కాలువ సంఘటన నన్ను బాగా భయపెట్టింది. ప్లేట్లను జతలుగా పక్కపక్కన పేర్చి, పనిచేసే రాపిడి ముఖాలను 12 నుంచి 4కు దించేశాను. ప్రీలోడ్‌ను, అంటే మొదట 160గా కొలిచిన ఆ బిగువును, 35 న్యూటన్ మీటర్లకు తగ్గించాను. తడి మైదానంలో బండి గీత మీదే తిరిగింది. తర్వాత వాన వెలిసిన రోజు చూసి నేనే తోట దారికి తీసుకెళ్లాను. రెండో మలుపులో, పాత చోటే ఆగిపోయింది. ఎల్‌ఎస్‌డీ ఉన్నా లేనట్టే.

ఆ సాయంత్రం మాస్టారికి మూడు దారులు చెప్పాను. పాత ఓపెన్ డిఫరెన్షియల్ తిరిగి పెట్టి, తోట దారికి జీపు మాట్లాడుకోవడం ఒకటి. ఖర్చు తక్కువ, పూర్తిగా క్షేమం. హెలికల్ గేర్ రకం ఎల్‌ఎస్‌డీ రెండోది. ప్లేట్లు ఉండవు, అరగవు, నడక మృదువు. కానీ ఈ యాక్సిల్ స్ప్లైన్లకు (షాఫ్ట్ చివరి పళ్లకు) సరిపోయేది దొరకలేదు. మూడోది, పై వేరియంట్లలో కొన్ని కంపెనీలే ఇచ్చే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లాక్ అవుతుంది, గంటకు 30 కిలోమీటర్లు దాటాక లాక్ అవ్వదు. ఆలోచన ప్రకారం మాస్టారి అవసరానికి ఇదే దగ్గర. అయితే ఈ బండి ఈఎస్‌సీతో అది కలుస్తుందని బాధ్యతగా చెప్పేవాళ్లు దొరకలేదు. ఒకసారి ఆ తెలియనితనం వల్లే బండి కాలువలో పడింది, రెండోసారి అదే రిస్క్ తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

మాస్టారు అంతా విని, "మొదటిదే చెయ్ బాబూ, జీపు మాట్లాడుకుంటాను" అన్నారు. నేను వారం గడువు అడిగాను. ఎందుకంటే అప్పటికి ఒక లెక్క నన్ను వదలడం లేదు.

ఫలించినది

ఆ లెక్క ఇది, అంకెలు ఉజ్జాయింపు. గాడిలో తేలిన చక్రం 200 న్యూటన్ మీటర్ల పట్టు మాత్రమే ఇస్తోంది. బండి ఎక్కడానికి మొత్తం 1500 కావాలి. అంటే మంచి చక్రానికి 1300 అందాలి. ఓపెన్ డిఫరెన్షియల్‌లో రెండు వైపులా సమానం కాబట్టి, ట్రాక్షన్ కంట్రోల్ చెడ్డ చక్రం మీద 1100 బ్రేక్ వేయాలి. అంత వేస్తే బ్రేక్ ఉడికిపోతుంది.

ఇప్పుడు ఒక మెతక ఎల్‌ఎస్‌డీ అనుకుందాం. చెడ్డ చక్రం వైపు ఎంత నిరోధం ఉందో దానికి రెట్టింపు మంచి చక్రానికి పంపగలదు. బ్రేక్ 450 వేస్తే చెడ్డ వైపు మొత్తం 650, మంచి వైపు 1300. పని అయిపోయింది. 1100 వేయాల్సిన చోట 450 చాలు.

ఇన్నాళ్లూ నేను ఎల్‌ఎస్‌డీని, ట్రాక్షన్ కంట్రోల్‌ను ఒకే ఉద్యోగానికి వచ్చిన ఇద్దరిలా చూశాను. ఎల్‌ఎస్‌డీ ఒక్కటే మొత్తం బరువు మోయాలంటే చాలా గట్టిగా ఉండాలి, అప్పుడు ఘాట్‌లో ప్రమాదం. ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే మోయాలంటే బ్రేకులు తట్టుకోవు. ఎల్‌ఎస్‌డీని ఈఎస్‌సీకి అడ్డు రానంత మెత్తగా ఉంచి, మిగతా సగం బ్రేక్‌కు వదిలితే రెండూ కలిసి మోస్తాయి.

అయితే ఒక చిక్కు ఉంది. బురదలో ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ పవర్ తగ్గించకూడదు, బ్రేక్ మాత్రం వేయాలి. ఈ బండిలో ఉన్న ఆఫ్ బటన్ నిజంగా ఏం ఆఫ్ చేస్తుందో ఎవరూ చూడలేదు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి, బటన్ నొక్కి బురదలో నడిపాను. పవర్ కోత ఆగింది, జారే చక్రం మీద బ్రేక్ మాత్రం పడుతూనే ఉంది. సరిగ్గా కావాల్సిందే. అన్ని బండ్లలో ఇలా ఉండదు, కొన్నింటిలో రెండూ పోతాయి. అందుకే మరో బండికి ఈ పని చేసేటప్పుడు ఈ పరీక్ష వదలకూడదు.

యూనిట్‌ను మళ్లీ విప్పి రాపిడి ముఖాలు 8 చేశాను. పిన్ను 1.5-వే లోనే ఉంచాను. ప్రీలోడ్ 70కి తెచ్చాను. అదే తడి మైదానం, అవే కోన్లు. యాక్సిలరేటర్ వదిలి తిప్పితే అర మీటరు లోపే బయటికి వెళ్లి, ఈఎస్‌సీ బ్రేక్ పడగానే గీత మీదికి వచ్చింది. మలుపు మధ్యలో కావాలని గట్టిగా తొక్కితే వెనక భాగం కొద్దిగా కదిలి, పవర్ తగ్గి, సర్దుకుంది. మాస్టారి చేత కూడా పదిసార్లు చేయించాను. మెకానిక్ చేతిలో సరిగ్గా ఉంటే చాలదు, రోజూ నడిపే మనిషికి ఆ కదలిక ముందే పరిచయం కావాలి.

తోట దారిలో బటన్ నొక్కి, ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకుని ఎక్కమన్నాను. ఇక్కడ అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. చక్రం జారగానే కాలు వదలడం ఆయనకు అలవాటు. వదిలితే బ్రేక్ తన పని చేసేలోపే బండి ఆగిపోతుంది. మూడో ప్రయత్నంలో రెండో మలుపు దాటాం.

ఇంకో సంగతి. చక్రం తిరుగుతుంటే హ్యాండ్ బ్రేక్ రెండు క్లిక్కులు లాగమని పాత డ్రైవర్లు చెబుతారు. ఓపెన్ డిఫరెన్షియల్‌లో దీనివల్ల పెద్ద లాభం లేదు, ఎందుకంటే హ్యాండ్ బ్రేక్ రెండు చక్రాలకూ సమానంగా పడి, మంచి చక్రానికి వచ్చిన లాభాన్ని అక్కడే తినేస్తుంది. ఎల్‌ఎస్‌డీ ఉంటే మాత్రం నిరోధం ఒక వంతు పెరిగితే మంచి వైపు రెండు వంతులు వస్తుంది, అందులో ఒక వంతు మిగులుతుంది. మాస్టారికి దీన్ని ఆఖరి ఆసరాగా నేర్పాను.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఎల్‌ఎస్‌డీ ఉన్న ఏ బండి వచ్చినా పని మొదలుపెట్టే ముందు బ్రేక్‌అవే టార్క్, అంటే లేపిన చక్రం కదలడం మొదలయ్యే టార్క్, కొలిచి కార్డు మీద రాస్తున్నాను. వెనక టైర్ల ట్రెడ్ తేడా 2 మిల్లీమీటర్లు దాటితే ముందు టైర్ల సంగతి తేల్చమంటున్నాను. సెన్సర్ కనెక్టర్ విప్పి ట్రాక్షన్ కంట్రోల్ ఆపమని అడిగితే చేయడం లేదు, ఎందుకు చేయనో కూర్చోబెట్టి చెబుతున్నాను. శబ్దం పోయినంత మాత్రాన నడక బాగుపడినట్టు కాదని మా కుర్రాళ్లకు ఈ కేసు చూపించే నేర్పుతున్నాను. బిగువు నిర్ణయించేటప్పుడు అన్నిటికంటే చెడ్డ బురదను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. అన్నిటికంటే ప్రమాదకరమైన తడి మలుపును తీసుకుని, అక్కడ ఈఎస్‌సీ సర్దగలిగినంత బిగువే ఇస్తున్నాను.

రెండో వానాకాలం ముగిశాక బండి సర్వీసుకు వచ్చింది. ఆయిల్ నల్లబడింది కానీ ప్లేట్ల ముక్కలు లేవు. ప్రీలోడ్ 62. ఘాట్‌లో ఒక్కసారి కూడా భయపడలేదని మాస్టారు చెప్పారు. తోట దారిలో ఆఖరి మలుపు మాత్రం, ఎడతెరిపి లేని వాన రోజుల్లో, మొదటిసారికి ఎక్కడం లేదట. "కొద్దిగా బిగిస్తావా బాబూ?" అని అడిగారు.

బిగించనని చెప్పాను. ఆ మలుపు పొడవు పాతిక అడుగులు. దాని కోసం ముప్పై కిలోమీటర్ల ఘాట్‌లో బండి స్వభావం మార్చడం నాకు సమ్మతం కాదు. ఆ నెలలోనే ఆయన ఆ మలుపులో గాడులు పూడ్పించి, రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించి తొక్కించారు. ఇప్పుడు జీపులు కూడా అక్కడ ఆగడం లేదట.